ముప్ఫై మీటర్ల సర్టిఫికెట్

గరిడేపల్లి. సాగర్ కాల్వ మీద షట్టర్లు ఎత్తే, దించే లష్కర్ గురవయ్య ఇల్లు. ఉదయం ఎనిమిదిన్నర. కట్ట మీద బండి, చెప్పులు, ఫోను కనిపించి, ఊళ్లో కుర్రాడు చిరంజీవి కాల్వలో పడ్డాడన్న మాట పుట్టి ఇవాళ్టికి మూడో రోజు. వాడి తల్లి జంగమ్మ తెల్లవారినప్పటి నుంచి బయట అరుగు మీద కూర్చుని ఉంది. లోపల గురవయ్య, విశాఖపట్నం హోటల్లో ఉద్యోగం చేస్తూ సెలవు మీద వచ్చిన అతని కూతురు స్వప్న, గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. గొంతు తగ్గించడం గురవయ్యకు పుట్టుకతో రాని విద్య.

"గిది దవాఖాన సిలిండర్ నాయినా."

"సిలిండర్ సిలిండరే గదనే. అండ్ల ఉండేది గాలే గద."

"గాలి గాదు, ఆక్సిజన్. రోగులకు పెట్టేది."

"ఇంకా మంచిదాయె! రైస్ మిల్లు సురేందర్ సారు మిర్యాలగూడ దవాఖానల అడిగి, మిల్లు ట్రాలీల ఏసి పంపిండు. నిండుగ ఉన్నదంట. నువ్వు సముద్రంల వీపుకు కట్టుకున్నది గిసొంటిదే గద? ఫొటోల సూసిన."

"ఫొటోల సూస్తె అన్నీ గట్లనే కనవడ్తయ్. మేం పీల్చేది ఉత్త గాలి. గిప్పుడు నువ్వూ నేనూ పీలుస్తున్నమే, గదే గాలి. ఒత్తి నింపుతరు. దానికి నోట్ల పెట్టుకునేది వేరే ఉంటది, పైపులుంటయ్, గాలెంతున్నదో సూసుకునే మీటరుంటది, జాకెట్టుంటది. దీన్ని వీపుకు కట్టుకుంటె దీని బరువుకే మునుగుత నేను."

"మునుగుడే గదనే మనకు గావాల్సింది."

"నాయినా!"

"మెల్లగ, మెల్లగ. జంగమ్మ అరుగు మీదున్నది. ఇంటది."

"ఇననీ. ఇంటెనే మంచిది. నేను దిగ."

"దిగనంటె ఎట్లనే? ఊరంత ఎరుక నీ సంగతి. బస్టాండ్ కాడ ఫ్లెక్సీ ఉన్నది."

"ఆ ఫ్లెక్సీ పెట్టమని ఎవలు జెప్పిన్రు నీకు?"

"ఎవలో జెప్పుడెందుకు? నా బిడ్డ, నా పైసలు, నేనే పెట్టిన. 'సముద్ర గర్భాన్ని జయించిన గరిడేపల్లి ముద్దుబిడ్డ' అని. పెద్దమనుషుల బొమ్మలన్ని కిందికి చిన్నగ ఏయించి నీదే పెద్దగ ఏయించిన. తప్పా?"

"జయించుడేంది నాయినా! చేపల్ని సూసొచ్చిన. నీళ్లల్ల దిగి చేపల్ని సూడనీకి నేర్పిచ్చే కోర్సది. మా హోటల్లకొచ్చే టూరిస్టులు నేర్సుకుంటరు. మాకు సగం ఫీజుకే నేర్పుతమంటె నేనూ నేర్సుకున్న. సరదాకు."

"సరదాకైతె సర్టిఫికెట్ ఎందుకిస్తరు? ఒకటి గాదు, రెండిచ్చిన్రు. రెండోదాని మీద 'అడ్వాన్స్‌డ్' అని రాసున్నదా లేదా? మా ఏఈ సారుకు సూపిస్తె ఆయనే జెప్పిండు, అడ్వాన్స్‌డ్ అంటె ఇగ దాని మీద సదువు లేదని."

"ఉన్నది. అసలు సదువు దాని మీదనే ఉన్నది. మునిగినోళ్లను తీసుడు వేరే కోర్సు. నీళ్లల్ల ఎతుకుడు వేరే కోర్సు. నేను జేసింది..."

"మరి నువ్వేం జేసినవ్?"

"మొదటిది నాలుగు దినాలు. స్విమ్మింగ్ పూల్ల దింపిన్రు. నోట్లకెల్లి పైపు తీసి మల్ల పెట్టుకునుడు, కండ్లద్దాలల్లకు నీళ్లు జొస్తె ముక్కుతోని ఊది ఎల్లగొట్టుడు, చేతి సైగలు. అటెన్క సముద్రంల నాలుగుసార్లు. పద్దెనిమిది మీటర్ల దాక పోవచ్చని కార్డిచ్చిన్రు. రెండోది ఇంకో ఐదుసార్లు. దిక్కులు సూసే ముల్లు పట్టుకొని పొయ్యొచ్చుడు, లైటేసుకొని చీకట్ల దిగుడు, ముప్ఫై మీటర్ల లోతుకు పోవుడు. గంతె. నా బతుకుల సముద్రంల దిగిందే తొమ్మిదిసార్లు."

"ముప్ఫై మీటర్లు! అంటె నూరడుగులు. మన కాల్వ ఎంతనే? నిండుగొస్తె ఇరవై అడుగులు. నూరడుగులు దిగినదానివి ఇరవై అడుగులకు భయపడ్తవా? పెద్ద బాయిల ఈత గొట్టినోడు కుంటల దిగనన్నట్టున్నది."

"సంగతి లోతుది గాదు నాయినా. ఎన్నిసార్లు జెప్పాలె? గాడ నీళ్లు తేట. నా చెయ్యి నాకు కనవడ్తది, పక్కన మనిషి కనవడ్తడు. మన కాల్వల అరచెయ్యి మొకం ముంగట పెట్టుకున్నా అవుపడదు. పైంగ ఉరుకుడు. ఒంటిగ దిగొద్దన్నది మాకు మొదటి పాఠం. మీద కప్పున్న జాగల జొరొద్దన్నది రెండో పాఠం. మీరు నన్ను తూము కాడికి పొమ్మంటున్నరు."

"తాడు కడ్తం గద. నేనే పట్టుకుంట. ముప్పయ్యేండ్ల సంది ఆ కాల్వ మీద బతుకుతున్న. షట్టర్లు ఎత్తిన, దించిన..."

"మరి దించు. గిప్పుడు దించు. నీళ్లు బందయితె ఎవ్వలు దిగుడే అక్కరలేదు. నడుసుకుంట పొయ్యి సూసిరావచ్చు."

"నా చేతుల ఉన్నదా అది? పొలాలు పొట్ట మీదున్నయ్. కింద కోదాడ దిక్కు చివరి మడికి నీళ్లందక రైతులు కొట్టుకు సస్తున్నరు. ఒక్క దినం బంద్ పెడ్తె నన్ను గూడ అండ్లనే ఏస్తరు. అడిగిన మా పెద్ద సారును. నెలకు కాల్వ ఎట్లనో బందయితది, అప్పుడు సూసుకోమన్నడు."

"నెలకు ఏముంటది నాయినా?"

"అదే గద నేననేది. ఏముంటది? అందుకే నువ్వు..."

"చేపలు పట్టెటోళ్లు దిగిన్రు గద మొన్న?"

"దిగిన్రు. నేరేడుచర్లకెల్లి నలుగురొచ్చిన్రు. రెండు దినాలు దేవులాడిన్రు. తూము మూతి కాడ ఇనుప జాలి ఉంటది సూడు, పడ్డోళ్లంత పొయ్యి గాడనే తట్టుకుంటరు. గాడికి మాత్రం పోమన్నరు. పెండ్లాం పిల్లలున్నరంట."

"నాకు తండ్రి లేడా మరి?"

"గట్ల మాట్లాడకు బిడ్డా. మీ అమ్మ పోయిన కాడికెల్లి నిన్ను నేను... గట్ల మాట్లాడకు."

"నాయినా, నీకొక సంగతి జెప్పలే."

"ఏంది?"

"ఆ ముప్ఫై మీటర్ల దినం. నేను సరిగ జెయ్యలే."

"జెయ్యకుంటె కార్డెట్లిచ్చిన్రు?"

"ఇచ్చిన్రు. ముందు ఇను. లోతుకు పోయినం. అద్దాలల్లకు నీళ్లు జొచ్చినయ్. నేర్పిందే గద, ఊదాలె. యాదికి రాలే. ఏం యాదికి రాలే నాయినా. పైకి ఉరుకుదామని కాళ్లు కొట్టుకున్న. గంత లోతుకెల్లి ఒక్కసారి పైకొస్తె ఊపిరితిత్తులు పగుల్తయ్. మా సారు నా కాలు వట్టి గుంజిండు. నా మొకం ముంగట మొకం పెట్టి, చెయ్యితోని సైగ... పీల్చు, ఇడువు, పీల్చు, ఇడువు. ఆ మనిషి కండ్లు కనవడ్డయ్ గాబట్టి బతికిన. తెల్లారి మల్ల దింపిండు, అప్పుడు అయ్యింది. కార్డిచ్చిండు. నీ ఫ్లెక్సీ మీదున్న ఫొటో గా దినానిదే."

"నవ్వుతున్నవ్ గద అండ్ల!"

"బతికినందుకు నవ్విన."

"నాకెందుకు జెప్పలే?"

"జెప్దామని ఫోన్ జేసిన. నువ్వు ఎత్తంగనే 'ఫ్లెక్సీ కొట్టిచ్చిన బిడ్డా' అంటివి. ఇగ జెప్పు. దిగుమంటవా?"

"ఆగు, ఆగు. ఫోను. సురేందర్ సారు."

"ఎత్తు. స్పీకర్ల పెట్టు. నేనే జెప్త."

"నువ్వు మాట్లాడకు. నేను మెల్లగ... నమస్తే సార్."

"గురవయ్యా, అమ్మాయి రెడీనా?"

"రెడీ అంటె సార్... సిలిండర్ జర వేరే తీరుది గావాలంటున్నది సార్."

"తెలిసింది, తెలిసింది. ఎవర్నో అడిగితే వాళ్లూ అదే చెప్పారు. హైదరాబాద్ నుంచి అసలు సామాను కిరాయికి తెప్పిస్తున్నా. కారు సూర్యాపేట దాటిందట. ముప్పావు గంటలో కట్ట మీద ఉంటది."

"సార్, నేను స్వప్నను మాట్లాడుతున్నాను. నేను దిగలేను సార్. నేను నేర్చుకున్నది వేరు. గవర్నమెంటు టీములుంటయ్, వాళ్లను పిలిపించండి."

"వాళ్లొచ్చేసరికి ఎన్ని రోజులో అమ్మా. చూడూ, నువ్వు శవాన్ని మోసుకురావాల్సిన పన్లేదు. ఆ జాలి దగ్గర ఉన్నాడా, లేడా? అది చూసి చెప్పు, చాలు. చేపలోళ్ల మాట నేను నమ్మను. సర్టిఫికెట్ ఉన్నదానివి, నువ్వు చెప్తే నమ్ముతా."

"ఉంటే ఏంటి సార్, లేకపోతే ఏంటి? మీకెందుకు సార్ ఇంత..."

"మా మిల్లులో కాంటా మీద మూడేళ్లు పనిచేసిన పిల్లాడమ్మా. మనసు ఊరుకుంటుందా? ఇవాళ కూడా కనపడకపోతే వాడు నీళ్లలో లేనట్టే అనుకోవాలి. రేపటి నుంచి బయట వెతికిస్తా. ఎక్కడున్నా వెతికిస్తా. వదిలిపెట్టను. గురవయ్యా, జంగమ్మ ఉందా అక్కడ?"

"అరుగు మీదున్నది సార్."

"మా వాళ్లే దింపారు పొద్దున. ఆమెను కూడా కట్ట మీదికి తీసుకురా. తల్లి ఉండాలి గదా."

"అట్లనే సార్. అట్లనే... పెట్టేసిండు. సూసినవా బిడ్డా? పనోని కోసం గింత జేసే షావుకారు ఉంటడా ఎవడన్న? దేవుడు."

"నాయినా, చిరంజీవి ఎందుకు దుంకిండు?"

"ఎవలకెరుక?"

"నీకెరుకే. మొకం తిప్పుకుంటున్నవ్."

"ఊర్ల ఏదో అనుకుంటున్నరు. ఆ సారు అక్క బిడ్డ ఉన్నది సూడు, గీత. డిగ్రీ సదువుతది. ఆ పిల్లతోని మాటలున్నయంట వీనికి. వాళ్లెక్కడ, గొర్లు మేపుకునే జంగమ్మ కొడుకెక్కడ? అయ్యేదా, పొయ్యేదా? అందుకే మనసు ఇరిగి ఉంటది. మనకెందుకులే."

"మరి గా సారుకు వీని మీద కోపం ఉండాలె గద?"

"కోపముంటె గింత ఖర్సు పెడ్తడా? పిచ్చిదానా. సరే, నేను కట్ట మీదికి పొయ్యొస్త. గాడ మనుషులు జమైన్రంట. ఏదో ఒకటి... నాకు జర ఆలోచించుకోనియ్యి. జంగమ్మను జర సూస్కో. ఏం తినలేదామె."

గురవయ్య బండి మీద కాల్వ వైపు వెళ్లాడు. అరగంటకు జంగమ్మ లోపలికి వచ్చి, గడప పక్కన నేల మీద కూర్చుంది.

"గాడెందుకు పెద్దమ్మా? కుర్సీల కూసో."

"ఈడనే మంచిగున్నది బిడ్డా."

"చాయ పెడ్త. తాగు."

"తాగిన."

"ఎప్పుడు తాగినవ్? పొద్దట్నించి అరుగు మీదనే ఉంటివి."

"తాగిననుకో."

"లోపల మేం మాట్లాడుకున్నది ఇనవడ్డదా?"

"మీ నాయిన గొంతు కాల్వ అవుతలికి ఇనవడ్తది."

"కోపమొచ్చిందా నా మీద?"

"కోపమెందుకు? నీ పానం నీది."

"కావాలని అంటలేను పెద్దమ్మా. నిజంగనే నాకు రాదు. వొస్తె మూడు దినాల సంది గిట్ల కూసుంటనా? రాత్రి పండుకుంటె నువ్వే కనవడ్తున్నవ్. ఆ ఫొటో సూసి మీరంత నన్నేదో అనుకుంటున్నరు. నేను గంతదాన్ని గాదు."

"ఆ పైపు నోట్ల పెట్టుకుంటె ఎంతసేపుండొచ్చు బిడ్డా నీళ్లల్ల?"

"ముప్పావు గంట. భయపడి ఊపిరి గుంజుకుంటె ఇంకా ముందుగాలనే గాలి ఖతమైతది."

"గంత సేపొద్దు. పది నిమిషాలు."

"పది నిమిషాలల్ల ఏం ఎతుకుత పెద్దమ్మా?"

"ఎతకకు."

"ఏంది?"

"కట్టకు మెట్లున్నయ్ గద, బట్టలుతికే కాడ. గా మెట్ల మీదికెల్లి దిగు. పక్కపొంటి ఇనుప గొలుసుంటది, ఇడువకు. తల మునిగేదాక దిగి గాడనే ఉండు. తూము దిక్కు పోకు. పది నిమిషాలకు లే."

"లేసి?"

"అవుపడ్డడని జెప్పు. జాలి కాడ ఇరికిండని జెప్పు. కాలు చేతికి దొరికింది, నీళ్ల జోరుకు గుంజరాలే, గుంజబోతె నేనే పోతుంటి, అని జెప్పు. మా సారు... ఆ సారు నమ్ముతడు. నీ నోటితోని వొస్తె నమ్ముతనని ఇప్పుడే అన్నడు గద."

"పెద్దమ్మా, నీకు పానం బాగలేదు. జర పండుకో. మంచినీళ్లు తెస్త."

"బాగనే ఉన్న. నువ్వు కూసో."

"కన్నతల్లి ఎవలన్న గట్ల అడుగుతదా? కొడుకు సచ్చి అవుపడ్డడని జెప్పమని?"

"అడుగుతున్న గద నేను."

"ఎందుకు?"

"నువ్వు జెప్త అను ముందు."

"ఎందుకో జెప్పకుంటె నేనేమన. అంత మంది ముంగట, ఒక మనిషి సావు మీద... ఎందుకు పెద్దమ్మా?"

"తలుపు దగ్గరికెయ్యి."

"ఏసిన. జెప్పు."

"నా కొడుకు నీళ్లల్ల లేడు బిడ్డా. మంగళారం తొలి ఆటోల కోదాడకు తీస్కపొయ్యి నేనే బస్సెక్కిచ్చిన."

"మరి బండి? కట్ట మీద చెప్పులు, ఫోను..."

"నేనే పెట్టిన. తిరిగొచ్చినంక బండి తోసుకొని పోయిన. నడుపరాదు గద నాకు. తోవ పొంటి ఎవలో పొరుగూరోళ్లు అడిగిన్రు, బండి ఖరాబైందా అవ్వా అని. ఆఁ అన్న. కట్ట మీద నిలవెట్టి, చెప్పులు జతగ పెట్టి, ఫోను అండ్ల పెట్టిన. ఇంటికొచ్చి పొద్దెక్కేదాక కూసున్న. అటెన్క బజార్లకొచ్చి ఒర్లిన. ఒర్లనీకి ఏం కష్టం గాలే బిడ్డా. నోరు తెరువంగనే వొచ్చింది."

"ఎటు పోయిండు?"

"నాకెరుక లేదు. నాకు జెప్పకురా అన్న. రేపు నన్ను కొట్టి అడిగినా నాకు తెల్వొద్దు."

"ఎవలు కొడ్తరు నిన్ను... సురేందర్ సారేనా పెద్దమ్మా?"

"ఆదివారం మిల్లు ఎనుక షెడ్ల ఏసి ముగ్గురు కొట్టిన్రు వాన్ని. ఆ సారు కుర్సీల కూసోని ఫోన్ సూసుకుంటున్నడంట. ఇగ గీత పేరు నీ నోట్లకెల్లి వొస్తె వడ్లు ఉడకవెట్టే బాయిలర్ల ఏస్తం, బొక్కలు గూడ దొరకయ్ అన్నరంట. నా కొడుకు ఇంటికొచ్చి అన్నం తినలే. ఈపంత ఉబ్బింది. గొర్లకు పెట్టే మందే పెట్టిన, ఏం జెయ్యాలె?"

"పోలీసులకు జెప్తె అయిపోవు గద."

"జెప్తె కేసు రాసే లోపల మనిషుండాలె గద బిడ్డా. వాడు గూడ ఒప్పుకోలే. జెప్తె ఇంట్ల గీతను కొడ్తరమ్మా అన్నడు."

"గీతకు ఎరుకనా? వీడు బతికున్నడని?"

"మీ నాయిన అన్నడు గద, కాల్వ ఇంకెన్ని దినాలు పారుతదన్నడు?"

"నెల. నేనడిగేది గీత సంగతి."

"నెల చాలు. నెలల వాడు యాడనో ఒక కాడ పనిల కుదురుకుంటడు. కాల్వ బందయి జాలి కాడ ఏం లేకున్నా, కొట్టుకపొయ్యిండు అనుకుంటరు."

"పెద్దమ్మా, గీతకు ఎరుకనా లేదా?"

"ఎరుక లేదు. వాళ్ల మేడ మీద ఆ పిల్ల ఏడుస్తుంటె బజారంత ఇన్నరంట. ఆమె ఏడుపు ఆగిందంటె ఆ సారుకు ఎరుకయితది. నేను జెప్పలే. ఎట్ల జెప్త? ఆ పిల్ల ఉసురు నాకు తాకుతది, తాకనీ."

"నేను ఉన్నడంటె ఊకుంటరా మరి? శవాన్ని తియ్యమని ఇంకొకల్ని దింపుతరు."

"ఎవలు దిగుతరు? సర్టిఫికెట్ ఉన్న పిల్లకే గుంజరాలేదంటె ఇంకెవలు దిగుతరు? ఆయనకు శవం అక్కరలేదు బిడ్డా. సచ్చిండన్న మాట గావాలె, గంతె. ఆ మాట ఇయ్యాల దొరక్కుంటె రేపు మనుషుల్ని తోల్తడు. ఫోన్ల నువ్వు గూడ ఇంటివి గద, ఎక్కడున్నా ఎతికిస్తనన్నడు. ఎతికినోడు ఊకె రాడు."

"నేను ఉత్తగనే జెప్పరాదా? దిగకుంట?"

"దిగకుంట ఎట్ల నమ్ముతరు? కట్ట మీద ఊరంత ఉంటది."

"నాయినకు జెప్దాం. నాయిన ఏదన్న ఉపాయం..."

"ఒద్దు. మీ నాయిన మంచోడు. కడుపుల మాట దాగదు. ఆయనకు జెప్పినా ఒకటే, బస్టాండ్ కాడ రాసినా ఒకటే."

"నాయిన నా తాడు పట్టుకుంటడు పెద్దమ్మా. నేను జాలి కాడ ఉన్నడంటె, ఆయన నమ్ముతడు. నెలంత రోజూ గా జాలి కాడ నిలవడి కట్టె పెట్టి కుచ్చుకుంట కూసుంటడు. అన్నం తినడు. నాకెరుక ఆయన సంగతి."

"ఎరుకే."

"మెట్ల కాడ నాసుంటది. కాలు జారితె?"

"ఎరుకే బిడ్డా."

"భయమైతె నాకు ఏం యాదికి రాదు. నా మొకం ముంగట మొకం పెట్టెటోడు లేడు ఈడ. ఇన్నవ్ గద ఇందాక?"

"అన్ని ఇన్న. ఇన్నంకనే లోపటికొచ్చిన. మీ నాయినకు నువ్వొక్కదానివే, నాకు వాడొక్కడే. ఇంకొకల బిడ్డను నీళ్లల్లకు దిగుమంటున్న. నా నోరు పడిపోను. కానీ ఏం జెయ్యాలె? నువ్వు నిన్ననే 'నాకు రాదు' అని గట్టిగ జెప్పి పోతివనుకో, నేను అడగకపోతుంటి. ఈడనే ఉంటివి. నిన్ను సూసినప్పుడల్ల ఆశ పుట్టింది. నీ కాళ్లు మొక్కుత."

"అయ్యో, ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా! లే. కాళ్లిడువు."

"ఇడువ."

"పెద్దదానివి, గట్ల పట్టుకోవద్దు. లే."

"పది నిమిషాలు బిడ్డా. పదే పది నిమిషాలు."

"నాకు అబద్ధమాడరాదు. మొకం మీద తెలుస్తది."

"అద్దాలుంటయ్ గద మొకానికి. అద్దాలు తియ్యకముందే జెప్పు."

"పెద్దమ్మా, నువ్వెంత ఆలోచించుకున్నవే..."

"మూడు దినాల సంది కూసోని ఇంకేం జేసిన?"

"ఇడువు. నాయిన బండి సప్పుడు. లే, లే. కండ్లు తుడుసుకో."

"స్వప్నా! తలుపెందుకేసుకున్నరు?"

"ఊకెనే నాయినా. గాలికి పడ్డది."

"కారొచ్చింది. సామానంత దించిన్రు కట్ట మీద. రెండు సిలిండర్లు, పైపులు, నల్ల అంగీ. సారు గూడ వొచ్చిండు. జనం చెట్లెక్కి కూసున్నరు, తీర్థం లెక్క. జంగమ్మా, నువ్వు గూడ ఉన్నవా? మంచిదైంది. నువ్వు గూడ ఇను."

"ఇంటున్న గురవయ్యా."

"నేను గా తూము మీద నిలవడి నీళ్ల దిక్కు సూసిన. ముప్పయ్యేండ్లల ఎంతమందిని తీసిన్రో గాడ. ఒక్కల్ని గూడ పానంతోని తియ్యలే. ఒక్కల్ని గూడ. సచ్చిన పిలగాని కోసం బతికున్న నా బిడ్డను దింపుదునా నేను? ఏం పుట్టింది నాకు? గొప్పలకు పొయ్యి పిల్ల మెడకు తాడు గడ్తిని. తప్పు నాది. నా నోటిది. జంగమ్మా, నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. నా బిడ్డ దిగదు."

"నేనేమంట గురవయ్యా? నీ బిడ్డ."

"సారుకు నేనే జెప్త. కోపమైతె కానీ. నౌకరి మీదికొస్తె రానీ. స్వప్నా, నువ్వు ఇంట్లకెల్లి బయటికి రాకు. తలుపేసుకో. ఇన్నవా? ఏం జూస్తున్నవ్ గట్ల? భయపడకు బిడ్డా, నేనున్న. పొయ్యి జెప్పొస్త."

"నాయినా, ఆగు."

"ఏంది?"

"దిగుతనని జెప్పు."